ల్యాప్‌టాప్ బొమ్మ టీవీలో ఉన్నదున్నట్టు రావాలంటే

పోయిన సంక్రాంతికి పిన్ని వాళ్లింట్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి మామయ్య కూతురి పెళ్లి ఫొటోలు చూపిస్తున్నాను. బంధువులందరూ బారులు తీరి నిలబడ్డ పెద్ద ఫొటో వచ్చింది. ఎవరికి వారు తమను వెతుక్కుని మురిసిపోతుంటే అమ్మమ్మ మాత్రం, "ఆ చివర కుర్చీలో నేనూ కూర్చున్నాను కదా నాన్నా, నన్నెందుకు చూపించడం లేదు?" అని అడిగింది. ల్యాప్‌టాప్ తెర మీద ఆవిడ ఉంది, టీవీలో లేదు. టీవీ తనంతట తానే ఫొటో నాలుగు అంచులనూ కాస్త కత్తిరించి, మిగిలినదాన్ని సాగదీసి తెర నిండా పరిచింది. పైగా పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర మొత్తం ఒకే ఎర్ర మచ్చలా కనిపించింది. జరీ ఎక్కడుందో తెలియలేదు. టీవీ కొత్తది, కేబుల్ కొత్తది, ఫొటోలు మంచి కెమెరాతో తీసినవి. లోపమంతా అమరికల్లోనే ఉంది. ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ సరిచేసిన క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి చుక్కల ముగ్గు వేసినవారికి చప్పున అర్థమవుతుంది. 15 చుక్కలు, 15 వరుసల ముగ్గును 13 చుక్కల మీద వేయబోతే గీతలు ఎక్కడో ఒకచోట వంకరపోతాయి. తెర మీద బొమ్మ కూడా చుక్కల ముగ్గే. ఫుల్ హెచ్‌డీ టీవీలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. 4కె టీవీలో 3840 × 2160, అంటే 82,94,400. చిన్న హెచ్‌డీ రెడీ టీవీల్లో సాధారణంగా 1366 × 768 ఉంటాయి. ల్యాప్‌టాప్ పంపిన ప్రతి చుక్కా టీవీలో తన చోటే, తన రంగుతోనే కూర్చోవాలి. కింద చెప్పబోయే పనులన్నీ ఈ ఒక్కదాని కోసమే.

## ముందు రెండింటినీ తిప్పి చూడండి

టీవీ వెనుక అతికించిన కాగితం మీద గానీ, కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో గానీ మోడల్ సంఖ్య ఉంటుంది. దాన్ని బట్టి తెరలో నిజంగా ఉన్న చుక్కలు ఎన్నో తెలుసుకోండి. పెట్టె మీద రాసిన మాటలను నమ్మవద్దు. చవక టీవీల పెట్టెల మీద "4కె వీడియో ఆడుతుంది" అని రాసి ఉంటుంది. దానర్థం 4కె వీడియోను లోపలికి తీసుకుని కుదించి చూపిస్తుందని మాత్రమే, తెరలో అన్ని చుక్కలున్నాయని కాదు.

తర్వాత ల్యాప్‌టాప్ పక్కల పోర్టులు చూడండి. గత పదేళ్ల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, బొమ్మనూ ధ్వనినీ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది. ఆ పోర్టులన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపలి సత్తాలో తేడా ఉంది. 2009లో వచ్చిన 1.4 రకం 4కె బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. 2013 నాటి 2.0 రకం 60 సార్లు పంపుతుంది. 2017లో వచ్చిన 2.1 రకం 120 సార్ల దాకా వెళ్తుంది. ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవారికి ఈ గొడవే లేదు, ఏ రకమైనా సరిపోతుంది. 4కె టీవీ ఉన్నవారు మాత్రం ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో ఏ రకం ఉందో చూసుకోవాలి. లేకపోతే తర్వాత ఎంత వెతికినా జాబితాలో 60 కనిపించక విసుగొస్తుంది.

హెచ్‌డీఎంఐ లేకుండా యూఎస్‌బీ-సి మాత్రమే ఉన్న పలుచని ల్యాప్‌టాప్ అయితే ఒక మెలిక ఉంది. ప్రతి యూఎస్‌బీ-సి పోర్టూ బొమ్మను పంపలేదు. కొన్ని ఛార్జింగుకు, ఫైళ్లు పంపుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. పోర్టు పక్కన బాణపు మొన ఉన్న మెరుపు గుర్తో (థండర్‌బోల్ట్), డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే ధైర్యంగా అడాప్టర్ కొనవచ్చు. గుర్తు లేకపోతే మోడల్ వివరాలు చూశాకే కొనండి. అడాప్టర్ కొనేటప్పుడు దాని మీద "4కె 60" అని ఉందో, "4కె 30" అని ఉందో చదవండి. దుకాణాల్లో చవకగా దొరికేవాటిలో 30 రకమే ఎక్కువ.

పాత ల్యాప్‌టాప్‌కు నీలం రంగు వీజీఏ పోర్టు మాత్రమే ఉంటే పని జరుగుతుంది కానీ మేలైన బొమ్మ రాదు. 1987లో పుట్టిన ఆ పద్ధతిలో బొమ్మ అంకెలుగా కాక విద్యుత్ అలలుగా వెళ్తుంది. టీవీ వాటిని మళ్లీ చుక్కలుగా ఊహించుకోవాలి. టీవీకి వీజీఏ పోర్టు లేకపోతే మధ్యలో కన్వర్టర్ కావాలి. అవి ఒక దిక్కుకే పనిచేస్తాయి కాబట్టి "వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ"కి అని స్పష్టంగా అడిగి తీసుకోండి. తిరగేసిన రకం కొని ఏమీ రావడం లేదని బాధపడేవారు చాలామంది. వీజీఏలో ధ్వని వెళ్లదు, దానికి వేరే వైరు కావాలి.

## కేబుల్ మీద ఎంత ఖర్చు పెట్టాలి?

బంగారు పూత ఉన్న కేబుల్‌తో రంగులు పెరుగుతాయని చెప్పి అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నిజం కాదు. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. అవి చేరితే బొమ్మ పూర్తిగా వస్తుంది, చేరకపోతే తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు రాలతాయి, లేదా తెర ఉండుండి నల్లబడి మళ్లీ వస్తుంది. "కాస్త తక్కువ రంగు" అనే మధ్యస్థ స్థితి కేబుల్ వల్ల రాదు. రంగులు బాగోలేకపోతే కారణం మరెక్కడో ఉంది, దాని సంగతి ముందుకు వెళ్లాక చూద్దాం.

ఫుల్ హెచ్‌డీకి "హై స్పీడ్" అని రాసిన మామూలు కేబుల్ చాలు. 4కె బొమ్మ 60 సార్లు కావాలంటే "ప్రీమియం హై స్పీడ్", 120 సార్లు కావాలంటే "అల్ట్రా హై స్పీడ్" తీసుకోండి. ఈ రెండు రకాల పెట్టెల మీదా ఫోనుతో స్కాన్ చేసి అసలుదో కాదో చూసుకునే చీటీ ఉంటుంది. పొడవు విషయంలో ఆశ పడకండి. 4కె కోసం రెండు మూడు మీటర్లు దాటకపోతే నిశ్చింత. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి పది మీటర్లు లాగాలంటే లోపల గాజు తీగ ఉన్న రకం కొనాలి. దానికి ల్యాప్‌టాప్ వైపు కొన, టీవీ వైపు కొన వేరువేరు. తిప్పి పెడితే తెర నల్లగానే ఉంటుంది.

గోడకు బిగించిన టీవీ అయితే వెనుక కేబుల్ తల పట్టడానికి చోటుండదు. బలవంతంగా వంచి దూరిస్తే పోర్టు విరుగుతుంది. లంబకోణంలో వంగి ఉండే చిన్న కనెక్టర్లు దొరుకుతాయి, వాటిని వాడండి.

## తగిలించే వరుస

ఈ భాగాన్ని దాటవేయవద్దని నా మనవి. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేని స్విచ్ బోర్డులు ఎన్నో. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కనెక్టర్ తగిలించి వాడటం మామూలైపోయింది. అలాంటి చోట లోహపు ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటుంది. డిష్ నుంచో కేబుల్ టీవీ స్తంభం నుంచో వచ్చే తీగ సెట్‌టాప్ బాక్సు ద్వారా టీవీకి కలిసి ఉంటుంది. ఈ రెండు వైపుల మధ్య విద్యుత్ తేడా ఉన్నప్పుడు హెచ్‌డీఎంఐ కొన తాకించిన క్షణంలో చిన్న నిప్పురవ్వ పుట్టి పోర్టు చచ్చిపోవచ్చు. మామూలుగా హెచ్‌డీఎంఐని కరెంటు ఉండగా తగిలించినా ఏమీ కాదు, అలా పనిచేసేలాగే దాన్ని తయారు చేశారు. ఎర్తింగ్ లేనప్పుడే ఈ భయం. అందుకని ఇలా చేయండి:

1. టీవీ, సెట్‌టాప్ బాక్సు స్విచ్‌లు గోడ దగ్గరే ఆపండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి.
2. హెచ్‌డీఎంఐ కేబుల్ ముందు టీవీకి, తర్వాత ల్యాప్‌టాప్‌కు తగిలించండి.
3. టీవీ వేసి, రిమోట్‌లో ఇన్‌పుట్ లేదా సోర్స్ మీట నొక్కి, మీరు కేబుల్ పెట్టిన పోర్టు సంఖ్యను ఎంచుకోండి.
4. చివరగా ఛార్జర్‌ను టీవీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే, మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టండి.

టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. కొన్ని టీవీల్లో పూర్తి వేగం ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది, పక్కన "4కె 120" అని రాసి ఉంటుంది. కొన్ని పాత టీవీల్లో ఒక పోర్టు పక్కన "డీవీఐ" అని ఉంటుంది. కంప్యూటర్‌కు ఉద్దేశించినది అదే.

## ల్యాప్‌టాప్‌లో చేయాల్సినవి

విండోస్ గుర్తున్న మీటతో పాటు "పి" నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి. చాలామంది రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపించే డూప్లికేట్‌లోనే ఉండిపోతారు. ముగ్గు వంకరపోయేది సరిగ్గా ఇక్కడే. రెండు తెరలకూ ఒకే బొమ్మ వెళ్లాలి కాబట్టి రెండింటికీ కుదిరే చుక్కల లెక్కను విండోస్ ఎంచుకుంటుంది. ల్యాప్‌టాప్ తెర 1366 × 768 అయితే ఫుల్ హెచ్‌డీ టీవీకి కూడా దాదాపు సగం చుక్కల బొమ్మే వెళ్తుంది. టీవీ దాన్ని సాగదీస్తుంది, అంచులు మసకబారతాయి. "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" ఎంచుకోండి. ల్యాప్‌టాప్ తెర ఆరిపోతుంది, టీవీ తన సొంత కొలతలతో వెలుగుతుంది. ల్యాప్‌టాప్ తెర కూడా కావాలంటే "ఎక్స్‌టెండ్" మంచిది, అందులో ఎవరి కొలతలు వారివి.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరవండి. రెజల్యూషన్ దగ్గర టీవీ అసలు చుక్కల సంఖ్యే ఉండాలి. పక్కన "రికమెండెడ్" అని ఉన్నంత మాత్రాన అదే సరైనదని అనుకోవద్దు. టీవీ తన వివరాలను ఒక చిన్న పట్టికగా ల్యాప్‌టాప్‌కు పంపుతుంది, చవక టీవీల పట్టికలో తప్పులు దొర్లుతుంటాయి. ముఖ్యంగా 1366 × 768 టీవీలు కొన్ని ఆ కొలతను పట్టికలో చెప్పవు, 1280 × 720, 1920 × 1080 మాత్రమే చెబుతాయి. అప్పుడు జాబితాలో 1360 × 768 ఉందేమో చూడండి, ఉంటే దాదాపు సరిగ్గా సరిపోతుంది. లేకపోతే 1920 × 1080 పెట్టండి. ఎక్కువ చుక్కలను కుదించడం, తక్కువ చుక్కలను సాగదీయడం కంటే నయం.

4కె టీవీలో అక్షరాలు చీమల్లా కనిపిస్తే రెజల్యూషన్ తగ్గించే పొరపాటు చేయకండి. పైనే ఉన్న "స్కేల్" దగ్గర 200, కూర్చునే దూరాన్ని బట్టి 250 లేదా 300 శాతం పెట్టండి. అక్షరాలు పెద్దవవుతాయి, చుక్కలు తగ్గవు.

అదే పేజీలో కింద "అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే" ఉంటుంది. అందులో డెస్క్‌టాప్ కొలత ఒకటి, టీవీకి నిజంగా వెళ్తున్న సిగ్నల్ కొలత ఒకటి విడివిడిగా రాసి ఉంటాయి. రెండూ ఒకటేనా అని చూడండి. వేరువేరుగా ఉంటే మధ్యలో ఎక్కడో సాగదీత జరుగుతోందని అర్థం. ఆపిల్ ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్‌లో ఈ పని జరుగుతుంది. అక్కడ 4కె టీవీకి "1920 × 1080" అని కనిపిస్తే కంగారు పడవద్దు. సాధారణంగా అది అక్షరాల పరిమాణం మాత్రమే, సిగ్నల్ 4కెలోనే వెళ్తూ ఉంటుంది.

## అమ్మమ్మను తిరిగి తెర మీదికి తెచ్చిన అమరిక

అంచులు కత్తిరించే అలవాటు గాజు గొట్టాల టీవీల కాలం నాటిది. ఆ గొట్టాల అంచుల్లో బొమ్మ వంకరగా పడేది కాబట్టి, కొంచెం పెద్దదిగా చేసి అంచులను చట్రం వెనుక దాచేవారు. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. పలుచని టీవీలకు ఆ అవసరమే లేదు, అలవాటు మాత్రం మిగిలింది. నష్టం అంచులు పోవడంతో ఆగదు. మిగిలిన బొమ్మను సాగదీయడం వల్ల తెర మధ్యలోని చుక్కలు కూడా చోటు తప్పుతాయి.

మీకు ఓవర్‌స్కాన్ ఉందో లేదో తెలుసుకోవడం సులభం. విండోస్ కింది పట్టీ సగం తెగి ఉందా, కుడి మూలన గడియారం కనిపిస్తోందా అని చూస్తే చాలు. తెగి ఉంటే టీవీ రిమోట్‌తో పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బొమ్మ పరిమాణం మార్చాలి. సామ్‌సంగ్‌లో "స్క్రీన్ ఫిట్" లేదా "ఫిట్ టు స్క్రీన్", ఎల్‌జీలో "జస్ట్ స్కాన్", సోనీలో "ఫుల్ పిక్సెల్" అనే పేర్లతో ఉంటుంది. ఇతర టీవీల్లో "16:9" కాకుండా "1:1", "డాట్ బై డాట్", "నేటివ్" వంటివి వెతకండి, లేదా "ఓవర్‌స్కాన్" అన్నదాన్నే ఆపండి. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ అమరికల్లో కూడా బొమ్మను లోపలికి కుదించే జరుగుడు మీట ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. ల్యాప్‌టాప్ కుదించి, టీవీ సాగదీసి, చివరికి కొలత సరిపోయినట్టు కనిపిస్తుంది కానీ బొమ్మ రెండుసార్లు నలిగి ఉంటుంది.

ఆ వెంటనే మరో పని కూడా చేయండి, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. టీవీ ఇన్‌పుట్ల జాబితాలో మీ పోర్టు పేరు మార్చే వీలుంటుంది. అక్కడ "పీసీ" అని ఎంచుకోండి. ఇది పేరు మార్పులా కనిపిస్తుంది గానీ, సామ్‌సంగ్, ఎల్‌జీ వంటి చాలా టీవీల్లో దాంతో లోపలి ప్రవర్తనే మారుతుంది. బొమ్మను అతిగా సవరించడం ఆపి, వచ్చిన చుక్కలను వచ్చినట్టే చూపిస్తుంది. మౌస్ కదలిక ఆలస్యమూ తగ్గుతుంది.

## "రాష్ట్రం" పరీక్ష

వీడియో సిగ్నల్‌లో బరువు తగ్గించడానికి ఒక ఉపాయం వాడతారు. ప్రతి చుక్క వెలుగునూ విడిగా పంపి, రంగును మాత్రం రెండు లేదా నాలుగు చుక్కలకు కలిపి ఒకటే పంపుతారు. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాను పట్టదు కాబట్టి సినిమాల్లో ఇది తెలియదు. అక్షరాల దగ్గర తెలుస్తుంది. అందులోనూ మన లిపిలో మరీ తెలుస్తుంది, ఎందుకంటే మన ఒత్తులు, సున్నలు, వట్రసుడులు చిన్న చోటులో ఇరికి ఉంటాయి.

పరీక్ష ఇది. ఏదైనా రాత ప్రోగ్రాం తెరిచి పేజీని నీలం చేసి, ఎర్ర రంగులో "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "కృష్ణ" అని మామూలు పరిమాణంలో రాయండి. టీవీకి దగ్గరగా వెళ్లి చూడండి. "ష్ట్ర"లో రెండు ఒత్తులూ విడివిడిగా కనిపిస్తే రంగు పూర్తిగా వస్తోంది. ఎర్రటి ముద్దలా కలిసిపోతే రంగు కుదించి వస్తోందని అర్థం.

దీన్ని సరిచేయడానికి రెండు చోట్ల చూడాలి. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాం తెరవండి. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్, ఏఎండీ సాఫ్ట్‌వేర్, వీటిలో ఏది ఉంటే అది. అందులో కలర్ ఫార్మాట్ దగ్గర "ఆర్‌జీబీ" లేదా "4:4:4" ఎంచుకోండి. "4:2:2", "4:2:0" అన్నవే కుదింపు రకాలు. టీవీలో పోర్టు పేరు "పీసీ" అని ఉందో లేదో మళ్లీ చూడండి, అది లేకపోతే ల్యాప్‌టాప్ పూర్తి రంగు పంపినా కొన్ని టీవీలు తామే కుదిస్తాయి.

4కె టీవీల్లో ఇంకో తలుపు తెరవాలి. హెచ్‌డీఎంఐ పోర్టు పూర్తి సామర్థ్యం కొత్త టీవీలో మూసి ఉండవచ్చు. సామ్‌సంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్", సోనీలో "హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్" కింద "ఎన్‌హాన్స్‌డ్" అన్నది ఆ తలుపు. మీ పోర్టుకు దాన్ని ఆన్ చేస్తేనే 4కె, 60, పూర్తి రంగు మూడూ కలిసి వస్తాయి.

## నలుపు నల్లగా ఉండాలి

కంప్యూటర్లు నలుపును 0, తెలుపును 255 అని లెక్కిస్తాయి. టీవీ లోకంలో నలుపు 16, తెలుపు 235. ఇద్దరూ ఒకే భాషలో మాట్లాడుకోకపోతే రెండు రకాల నష్టాలు. ల్యాప్‌టాప్ 0 నుంచి 255 దాకా పంపుతూ, టీవీ 16 నుంచి మొదలవుతుందని అనుకుంటే, నల్లని జడలో పాయలు, నల్ల కోటు ముడతలు మాయమై అంతా మసిబొగ్గులా ఉంటుంది. తిరగబడితే నలుపు బూడిద రంగులో, బొమ్మ అంతా పలుచని పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. ఈ రెండోదాన్ని చూసే చాలామంది "టీవీలో రంగులు వెలిసిపోయాయి" అని కేబుల్ మారుస్తారు.

పరీక్షించడానికి పెయింట్ ప్రోగ్రాం చాలు. పేజీని పూర్తి నలుపుతో నింపండి. రంగుల సవరణలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 5 ఇచ్చి ఒక గడి గీయండి. పక్కనే 10తో, 15తో, 20తో, 25తో గడులు గీయండి. గదిలో దీపాలు తగ్గించి చూడండి. 20, 25 గడులు మాత్రమే కనిపించి 15 దాకా అన్నీ కనిపించకపోతే మొదటి నష్టం. పేజీ నలుపే బూడిదగా ఉంటే రెండోది. 10 గడి లీలగానైనా కనిపించి, పేజీ నల్లగా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

సరిచేయడానికి గ్రాఫిక్స్ ప్రోగ్రాంలో "క్వాంటైజేషన్ రేంజ్" లేదా "డైనమిక్ రేంజ్" అన్నదాన్ని "ఫుల్" చేయండి. టీవీలోనూ దానికి తగ్గట్టు పెట్టండి. సామ్‌సంగ్‌లో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవల్ "నార్మల్", ఎల్‌జీలో బ్లాక్ లెవల్ "హై", సోనీలో వీడియో రేంజ్ "ఫుల్". టీవీలో ఆ ఎంపికే లేకపోతే రెండు వైపులా "లిమిటెడ్"లో కలపండి. ఏ భాష అయినా ఫరవాలేదు, ఇద్దరిదీ ఒకటే కావాలి.

## పట్టుచీరలో జరీ కనిపించాలి

ఇప్పుడు టీవీ చేసే అలంకారాల వంతు. షోరూంలో పక్కన ఇరవై టీవీలు వెలుగుతుంటే తనదే ముందు కనిపించాలని ప్రతి కంపెనీ "వివిడ్", "డైనమిక్" అనే మోడ్ పెడుతుంది. అందులో రంగులు పిండి పోసినట్టు ఉంటాయి. మంగళస్నానం ఫొటోలో ముఖానికి రాసిన పసుపు నారింజ రంగుకు తిరుగుతుంది, ఎర్ర పట్టులో ఛాయలన్నీ ఒకే ఎరుపులో మునిగిపోతాయి. "సినిమా", "మూవీ", "ఫిల్మ్‌మేకర్", "కస్టమ్" మోడ్‌లలో ఏది ఉంటే అది పెట్టండి. మొదటి పది నిమిషాలు బొమ్మ పసుపు పచ్చగా, మందంగా అనిపిస్తుంది. కన్ను అలవాటు పడేదాకా ఆగండి. ఆ తర్వాత వెనక్కి "వివిడ్" పెట్టి చూస్తే నీలం ఎంత కలిపేవారో తెలుస్తుంది.

ఆ మోడ్‌లోనే షార్ప్‌నెస్ తగ్గించండి. షార్ప్‌నెస్ పెంచితే వివరం పెరగదు, అక్షరాల చుట్టూ తెల్లటి గీత చేరుతుంది. ఏ అంకె దగ్గర ఆ గీత పూర్తిగా పోతుందో అక్కడ ఆపండి. చాలా టీవీల్లో అది 0 దగ్గర, సోనీలో 50 దగ్గర ఉంటుంది. నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్, కరెంటు ఆదా చేసే ఎకో మోడ్ ఆపేయండి. బ్యాక్‌లైట్‌ను మాత్రం మీ గది వెలుతురును బట్టి పెట్టుకోండి, దానికి నియమం లేదు.

చివరగా ఒక తూకం వేయండి. పెళ్లి ఫొటోల్లో పట్టుచీర బాగా పడినదాన్ని తెరిచి, జరీ పోగులు, ముడతల్లో ఎరుపు ముదురు లేత తేడాలు కనిపిస్తున్నాయా అని చూడండి. ఆ చీర ఇంట్లోనే ఉంటే తెచ్చి టీవీ పక్కన పట్టుకుని చూడండి. మేము అదే చేశాం. ఏ పరికరం కొలిచినా అంతకంటే నమ్మకం కలగదు నాకు.

## సినిమాకో వేగం, ఇంటి వీడియోకో వేగం

"అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే"లోనే రిఫ్రెష్ రేట్, అంటే బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు వెళ్లాలో చెప్పే అంకె (హెర్ట్జ్), ఉంటుంది. మామూలు పనికి, ఫోనుతో తీసిన వీడియోలకు 60 హెర్ట్జ్ సరైనది, ఫోన్లు సెకనుకు 30 లేదా 60 బొమ్మలు తీస్తాయి కాబట్టి. సినిమాలు సెకనుకు 24 బొమ్మలు. 24ను 60లో సమంగా పంచలేం. ఒక బొమ్మ రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు చూపించాల్సి వస్తుంది, అందుకే కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో కుదుపు కనిపిస్తుంది. జాబితాలో 24 లేదా 23.976 ఉంటే సినిమా చూసేంతసేపు అది పెట్టి చూడండి. టీవీ ఛానళ్ల నుంచి రికార్డు చేసినవి అయితే 50 పెట్టండి, మన దేశపు ప్రసారాలు 25, 50 లెక్కలోనే నడుస్తాయి.

సినిమా ధారావాహికలా జారుడుగా, నాటకంలా కనిపిస్తే టీవీ లేని బొమ్మలను కల్పించి మధ్యలో చొప్పిస్తోందని అర్థం. సామ్‌సంగ్‌లో "ఆటో మోషన్ ప్లస్" లేదా "పిక్చర్ క్లారిటీ", ఎల్‌జీలో "ట్రూమోషన్", సోనీలో "మోషన్‌ఫ్లో" ఆపేయండి.

4కె టీవీ, 1.4 రకం పోర్టున్న పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు ఇక్కడ ఎంచుకోవాలి. ఫొటోలకు 4కె, 30. సినిమాకు 4కె, 24. మౌస్‌తో పని చేయడానికి 1920 × 1080, 60. మూడూ ఒకే అమరికలో రావు.

## హెచ్‌డీఆర్, ధ్వని, వైరు లేని పద్ధతి

వెలుగు నీడల తేడాలను ఇంకా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ పద్ధతి మీట విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కనిపించగానే ఆన్ చేయాలనిపిస్తుంది. హెచ్‌డీఆర్‌లో తీసిన వీడియో చూసేటప్పుడు మాత్రమే ఆన్ చేయండి. మామూలు ఫొటోలు, అక్షరాలు అందులో చప్పబడతాయి. విండోస్ మీట, ఆల్ట్, బి కలిపి నొక్కితే వెంటనే ఆన్, ఆఫ్ అవుతుంది.

ధ్వని టీవీ నుంచి రాకపోతే కుడి మూల స్పీకరు గుర్తు నొక్కి, జాబితాలో టీవీ పేరు ఎంచుకోండి. డబ్బు కట్టి చూసే సినిమా నల్లగా వచ్చి, మిగతావన్నీ బాగా వస్తుంటే మధ్యలోని కన్వర్టర్‌నో, ఒకే సిగ్నల్‌ను రెండు తెరలకు పంచే స్ప్లిట్టర్‌నో తీసేసి నేరుగా తగిలించండి. నకలు తీయకుండా పెట్టిన హెచ్‌డీసీపీ తాళాన్ని వాటిలో కొన్ని దాటలేవు.

విండోస్ మీటతో "కె" నొక్కి వైరు లేకుండా కూడా పంపవచ్చు. ఫొటోలు తిప్పడానికి, పాఠం చెప్పడానికి బాగుంటుంది. కానీ అందులో బొమ్మను ప్రతిక్షణం నలిపి పంపుతారు, "రాష్ట్రం" పరీక్షలో అది నిలబడదు.

ఒఎల్‌ఈడీ టీవీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) ఉన్నవారు విండోస్ కింది పట్టీ దానంతట అదే దాక్కునేలా పెట్టుకోండి. గంటల తరబడి కదలకుండా ఉండే బొమ్మ ఆ తెర మీద అచ్చు మిగల్చవచ్చు.

అన్నీ కుదిరాక ఇంకొక్క పని. ఈ అమరికలు చాలా టీవీల్లో పోర్టుకొకటిగా గుర్తుంటాయి. ల్యాప్‌టాప్ కేబుల్‌ను ఎప్పుడూ అదే పోర్టులో ఉంచండి. మా పిన్ని ఇంట్లో కేబుల్ కొనకు తెల్ల ప్లాస్టర్ చుట్టి, దాని మీద "ఫొటోలు - 2" అని స్కెచ్ పెన్నుతో రాసి వచ్చాను. 2 అన్నది పోర్టు సంఖ్య. ఇప్పుడు నేను లేకపోయినా అమ్మమ్మ పక్కింటి పిల్లవాడిని పిలిచి ఆ పెద్ద ఫొటో పెట్టించుకుంటోంది.